క్యాంపు కబుర్లు: ఊరి బడికి పెద్ద ఎవరు?

జూన్ దగ్గర పడిందంటే మన సమాయిల్ క్యాంపుల్లో కబుర్లు రెండే. ఒకటి ఎండ. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా పని ఆపే రోజులు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూపు. రెండోది పిల్లల ఫీజు. మామూలుగా జూన్ 12న అటు ఆంధ్రాలోనూ ఇటు తెలంగాణలోనూ బడులు తెరుస్తారు. ఆ లోపలే మొదటి విడత ఫీజు, బస్సు డబ్బులు, పుస్తకాలు, బూట్లు అంటూ ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఎక్స్ఛేంజి ముందు లైను పొడుగవుతుంది. ఏడాదికి ముప్పై వేల రూపాయలు అనుకున్నా, అది మనకు నూట ముప్పై రియాళ్ల మాట. ఇద్దరు పిల్లలుంటే రెండింతలు.

పంపొద్దని నేను చెప్పటం లేదు. ఎవరి పిల్లల మీద ఆశ వాళ్లది. అయితే ఫీజు కట్టే ముందు ఒక్క సంగతి ఎంతమంది అడిగారు? మన ఊళ్లో, మన ఇంటికి నాలుగడుగుల దూరంలో, మనం చదువుకున్న సర్కారు బడి ఎలా నడుస్తోంది? ఎవరు నడుపుతున్నారు? దానికి డబ్బు ఎంత వస్తోంది, ఎక్కడికి పోతోంది? చాలామంది జవాబు ఒకటే: "అక్కడ చదువు రాదన్నా." ఎవరు చెప్పారంటే, "అందరూ అంటారు."

ఆ అందరూ అనే మాట బడులను ఖాళీ చేస్తోంది. కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల ప్రకారం 2024-25లో తెలంగాణలో ఒక్క పిల్లవాడు కూడా లేని బడులు 2,245. పశ్చిమ బెంగాల్ తర్వాత దేశంలో మనదే రెండో స్థానం. పిల్లలు లేని ఆ బడుల లెక్కలో టీచర్లు మాత్రం 1,016 మంది ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ సంగతి ఇంకో రకం. ఒకే టీచరుతో నడిచే బడులు అక్కడ 12,912. ఇందులో దేశం మొత్తం మీద మొదటి స్థానం. అయిదు తరగతులకు ఒకే మనిషి. ఆ మనిషే హాజరు వేయాలి, గుడ్లు లెక్క పెట్టాలి, ఫోనులో ఫొటోలు ఎక్కించాలి, మండలాఫీసు మీటింగుకు వెళ్లాలి. ఆయన సెలవు పెడితే బడికీ సెలవే.

ఇలా ఎందుకు జరుగుతోందో తెలియాలంటే ముందు బడి ఎవరిదో తెలియాలి.

బోర్డు మీద 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అని ఉంటుంది. పక్క ఊరి హైస్కూలు మీద 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని ఉంటుంది. ఆ పేర్లు చూసి బడి మండల అధ్యక్షుడిదో, సర్పంచిదో అనుకుంటాం. పేరు మాత్రం పాతకాలపుది. 1959లో పంచాయతీరాజ్ వచ్చినప్పుడు ప్రాథమిక బడులు సమితుల కింద ఉండేవి. 1980ల్లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సమితులు తీసేసి మండలాలు పెట్టాక, బడులూ మండలాల కిందికి వచ్చాయి. ఇప్పుడు టీచరును తీసుకునేది డి.ఎస్.సి. పరీక్ష ద్వారా రాష్ట్ర ప్రభుత్వం. 2024లో తెలంగాణ 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్ 16,347 పోస్టులకు అలాగే తీసుకున్నాయి. జీతం ట్రెజరీ నుంచి వస్తుంది. బదిలీ చేసేది జిల్లా విద్యాధికారి ఆఫీసు. సర్పంచికి టీచరు మీద అజమాయిషీ లేదు. జెండా పండక్కి కొబ్బరికాయ కొట్టే గౌరవం ఉంది.

మండలంలో ఉన్న బడులన్నిటినీ చూసే మనిషి ఎం.ఇ.ఓ., అంటే మండల విద్యాధికారి. ఒక్కో మండలంలో పదుల సంఖ్యలో బడులుంటాయి. వాటన్నిటికీ తిరిగి చూడాల్సింది ఆయనే. ఆంధ్రాలో 2022లో రెండో ఎం.ఇ.ఓ. పోస్టులు 679 కొత్తగా పెట్టారు. తెలంగాణలో ఏళ్ల తరబడి చాలా మండలాల్లో పూర్తికాలం ఎం.ఇ.ఓ. లేరు. ఏదో ఒక హైస్కూలు హెడ్మాస్టరే ఆ కుర్చీ అదనంగా మోస్తూ వచ్చారు. తన బడి చూసుకోవాలా, మండలం చూసుకోవాలా? జగిత్యాల, నిర్మల్, కామారెడ్డి వైపు నుంచి వచ్చిన తమ్ముళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

పై నుంచి ఒక కాగితం వస్తే ఊరి బడి రూపే మారిపోతుంది. ఆంధ్రాలో 2022 జూన్‌లో 117 నంబరు జీవో అలాంటిదే. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని ఊరి బడి నుంచి తీసి దగ్గర్లోని హైస్కూలుకు కలిపేయమన్నారు. చిన్న పిల్లలు రోడ్డు దాటి, కాలవ దాటి ఎలా వెళతారని తల్లులు గొడవ చేశారు, ఉపాధ్యాయ సంఘాలు ధర్నాలు చేశాయి. 2025లో దాన్ని రద్దు చేసి, తరగతికో టీచరు ఉండేలా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు అన్నారు. ఈ మూడేళ్లలో ఎన్ని ఇళ్లవాళ్లు "ఈ గొడవంతా ఎందుకు" అనుకుని పసుపు రంగు బస్సు ఎక్కించేశారో, ఆ లెక్క ఏ జీవోలోనూ రాయరు.

మరి ఊరివాళ్ల చేతుల్లో ఏమీ లేదా? ఉంది. చాలామందికి తెలియనిది అదే.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. ఎస్.ఎం.సి. అంటారు. అందులో నాలుగింట మూడొంతుల మంది ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో కావాలి. సగం మంది ఆడవాళ్లు కావాలి. బడి పని చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయటం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం దాని పని. మన రూల్స్ ప్రకారం తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకుంటారు, హెడ్మాస్టరు కన్వీనరుగా ఉంటారు. చైర్మన్, వైస్ చైర్మన్ ఇద్దరిలో ఒకరైనా ఆడమనిషి ఉండాలి. ఆంధ్రాలో 2019 తర్వాత వీటిని తల్లిదండ్రుల కమిటీలన్నారు. 2024 ఆగస్టులో మళ్లీ ఎస్.ఎం.సి. పేరుతో ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో 2024 నుంచి మరమ్మతు పనులకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. ఊరి మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలే దానికి పెద్ద, హెడ్మాస్టరు కన్వీనరు.

ఇక్కడ మన క్యాంపుకు సంబంధించిన మాట ఒకటుంది. నువ్వు ఒమాన్‌లో ఉన్నా, ఊళ్లో నీ పిల్ల పేరు బడి రిజిస్టర్లో ఉంటే మీ ఇంటావిడకు ఆ కమిటీలో ఓటుంది, నిలబడే హక్కుంది. పిల్లని అమ్మమ్మో నాయనమ్మో పెంచుతుంటే సంరక్షకురాలిగా ఆమెకూ ఉంది. రాయచోటి, కోనసీమ వైపు తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండి, పిల్లలు పెద్దవాళ్ల దగ్గర పెరిగే ఇళ్లు తక్కువేం లేవు. ఆ ముసలమ్మను బడి మీటింగుకు ఎవరైనా పిలిచారా? పిలిస్తే కుర్చీ వేశారా? చాలా ఊళ్లలో కమిటీ అంటే హెడ్మాస్టరు పంపిన పుస్తకంలో ఇంటి దగ్గరే పెట్టే సంతకమో వేలిముద్రో. "సారు పెట్టమన్నారు, పెట్టాను." దేని కింద పెట్టావమ్మా అంటే తెలియదు.

మన పక్కనే ఉన్న ఇండియన్ స్కూళ్లను చూడండి. 1975లో మస్కట్‌లో మొదలైన ఇండియన్ స్కూల్ నుంచి నిజ్వాలో ఉన్నదాని వరకు, ఇవన్నీ లాభం కోసం పెట్టినవి కావు. ఇండియన్ సమాజం నడుపుకునే బడులు. పైన ఒక డైరెక్టర్ల బోర్డు ఉంటుంది. అందులో కొందరిని తల్లిదండ్రులే ఓటేసి ఎన్నుకుంటారు. ఖర్చంతా ఫీజుల మీదే. ఫీజు పెంచితే తల్లిదండ్రులు ఊరుకోరు, లెక్క అడుగుతారు, ఎన్నికల్లో ప్రచారం చేస్తారు. వాళ్లు ఆఫీసర్లు, ఇంజనీర్లు, చదువుకున్నవాళ్లు, అడుగుతారులే అని మనం అనుకుంటాం. చట్టం చూస్తే ఊరి బడిలో కూలికి పోయే తల్లికి ఇచ్చిన అధికారం తక్కువేమీ కాదు. కమిటీలో మూడొంతులు ఆమె లాంటివాళ్లే ఉండాలని రాసి ఇచ్చారు. వాడుకోవటంలోనే ఉంది తేడా.

ఇక డబ్బు. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

బడి ఖర్చులో పెద్ద భాగం టీచర్ల జీతాలు. అది బడి చేతికి రాదు, నేరుగా వాళ్ల ఖాతాల్లో పడుతుంది. బడి చేతికి వచ్చేది సమగ్ర శిక్ష కింద ఇచ్చే గ్రాంటు. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు. పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు. 30 మంది వరకు ఉంటే ఏడాదికి 10 వేలు, 31 నుంచి 100 దాకా 25 వేలు, 101 నుంచి 250 దాకా 50 వేలు, 1,000 దాకా 75 వేలు, ఆపైన లక్ష. సుద్దముక్కలు, రిజిస్టర్లు, బల్బులు, చిన్న రిపేర్లు అన్నీ ఇందులోంచే. పదో వంతు శుభ్రతకు పెట్టాలి.

ఇప్పుడు పైన చెప్పిన ముప్పై వేలు గుర్తు చేసుకోండి. నలభై మంది పిల్లలున్న మీ ఊరి బడికి ఏడాది మొత్తానికి వచ్చే గ్రాంటు 25 వేలు. మీరు ఒక్క పిల్లకు పంపే ఫీజు కన్నా తక్కువ. ఈ మాట విని ఒక తమ్ముడు నమ్మలేదు, మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

పైగా అది కూడా వేళకు రాదు. సగం ఒకసారి, సగం మార్చి దగ్గర పడ్డాక. 2021 నుంచి పద్ధతి కూడా మారింది. డబ్బు బడి ఖాతాలో నిల్వ ఉండదు. రాష్ట్రం ఖాతాలోంచి ఇంత వరకు వాడుకో అని పరిమితి ఇస్తారు. వాడకపోతే వెనక్కి. ఈ లోపల కరెంటు బిల్లు, తాళం, బక్కెట్టు హెడ్మాస్టరు జేబులోంచే. తెలంగాణలో 2024 సెప్టెంబరులో సర్కారు బడులకు కరెంటు ఉచితం చేశాక ఒక బరువు దిగింది. అంతకు ముందు ఈ గ్రాంటులో చాలా భాగం ఫ్యాన్లు తిరిగినందుకే అయిపోయేది.

పెద్ద పనులకు వేరే పథకాలు. ఆంధ్రాలో 2019 నవంబరులో మొదలైన నాడు-నేడులో మొదటి విడత 15,715 బడులు. తెలంగాణలో 2022 మార్చిలో మొదలైన మన ఊరు-మన బడిలో మొదటి విడత 9,123 బడులు. మంచి పనే జరిగింది. మరుగుదొడ్లు, ప్రహరీ, మంచినీళ్లు వచ్చిన ఊళ్లు చాలా ఉన్నాయి. బిల్లులు రాక సగంలో ఆగిన గదులూ రెండు చోట్లా ఉన్నాయి. ఇనుప చువ్వలు ఆకాశంలోకి లేచి, వాటికి ఎవరో తువ్వాలు ఆరేసిన గది మీ ఊళ్లో ఉందేమో కనుక్కోండి. ఆంధ్రాలో ఆ పనులకు తల్లిదండ్రుల కమిటీ పేరు మీదే డబ్బు వచ్చింది. అంటే సిమెంటు లెక్క అడగాల్సిందీ, చెప్పాల్సిందీ ఆ కమిటీయే.

ఆంధ్రా తల్లుల ఖాతాలో పడే డబ్బులోనూ బడి వాటా ఉంది. అమ్మఒడి 2020 జనవరిలో 15 వేలతో మొదలైంది, తర్వాత మరుగుదొడ్లు, బడి నిర్వహణ కోసమని రెండు వేల దాకా మినహాయించారు. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనంలోనూ అంతే, చేతికి 13 వేలు, నిర్వహణకు 2 వేలు. ఆ రెండు వేలు మీ పిల్ల పేరు మీద ఆపిన డబ్బు. బడిలో ఆడపిల్లల దొడ్డికి తలుపు గడియ లేకపోతే, నీళ్లు రాకపోతే, "మా రెండు వేలు ఏమయ్యాయి సార్" అని అడగటం తప్పేమీ కాదు. తొమ్మిదో తరగతి ఆడపిల్ల బడి మానేయటానికి ఆ గడియే కారణమైన ఇళ్లు ఉన్నాయి.

మధ్యాహ్నం అన్నం సంగతి. 2003 జనవరి నుంచి మన దగ్గర వండి పెడుతున్నారు. చిన్న బడిలో పిల్లకి రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాములు. వండేది మన ఊరి సంఘం ఆడవాళ్లే, నెలకు గౌరవ వేతనం 3,000. ఆంధ్రాలో 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన ఆ తల్లి పేరుకు తగ్గట్టు ఉందా లేదా, అది పిల్లను అడిగితే ఒక్క నిమిషంలో చెబుతుంది. "ఇవాళ ఏం కూర?" అని రోజూ అడిగే నాన్నకు బడి సంగతి సగం తెలిసినట్టే.

అసలు సంగతి చదువు. వస్తోందా?

'అసర్' అనే సర్వేవాళ్లు దేశమంతా ఊరూరూ తిరిగి, ఇంటి దగ్గరే పిల్లల చేత చదివిస్తారు. సర్కారు బళ్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో నూటికి 16.3. 2024లో 23.4. పెరిగింది, నిజమే. అయినా నలుగురిలో ముగ్గురికి రావటం లేదు. ఇది దేశం లెక్క. ప్రైవేటు బళ్లో అందరికీ వచ్చేస్తుందని అనుకుంటే అదీ పొరపాటే. టై కట్టుకున్నంత మాత్రాన పేజీ చదవటం రాదు.

పదో తరగతి ఫలితాలు ఇంకో కథ చెబుతాయి. 2025లో ఆంధ్రాలో మొత్తం పాసయినవాళ్లు 81.14 శాతం. అన్నిటికన్నా పైన నిలిచింది పార్వతీపురం మన్యం జిల్లా, 93.90. అట్టడుగున అల్లూరి సీతారామరాజు జిల్లా, 47.64. రెండూ కొండల జిల్లాలే, రెండింటిలోనూ గిరిజనులు ఎక్కువే, రెండూ ఒకే ఏడాది 2022లో పుట్టినవే. తెలంగాణలో అదే ఏడాది 92.78 శాతం. మహబూబాబాద్ 99.29తో పైన, హైదరాబాద్ పక్కనే ఉన్న వికారాబాద్ 73.97తో కింద. పేదరికమే కారణమైతే మన్యం, మహబూబాబాద్ పైకి రాకూడదు. పట్టించుకునే హెడ్మాస్టరు, సాయంత్రం కూర్చోబెట్టే టీచరు, ఊరూరూ తిరిగే అధికారి ఉన్నచోట ఫలితం మారుతుందని నేను అనుకుంటాను. ఆ ముగ్గురూ మీ మండలంలో ఉన్నారా?

ఇంగ్లీషు మీడియం కోసమే ప్రైవేటు అనేవాళ్లకు ఒక మాట. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ పుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పుస్తకం ఉచితం. చెప్పే మనిషి ఉన్నాడా లేదా అనేదే ప్రశ్న. చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలి, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు. పిల్లలు తగ్గితే పోస్టు ఎత్తేస్తారు. పోస్టు ఎత్తేస్తే మిగిలిన పిల్లలూ పోతారు. పది ఇళ్లవాళ్లు ఒకేసారి పిల్లల్ని చేరిస్తే లెక్క తిరగబడుతుంది. ఒక్కరు చేరిస్తే తిరగబడదు. ఒక ఊరివాళ్లు నలుగురైదుగురు ఒకే క్యాంపులో ఉన్నప్పుడు ఇలాంటి మాట మాట్లాడుకోవటం ఊళ్లో కన్నా ఇక్కడే తేలిక.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లను పుస్తకం తెచ్చుకోమనండి. ఇప్పుడు చదివే తరగతిది కాదు, కిందటేడాదిది. మధ్యలో ఏదో పేజీ తీసి నాలుగు లైన్లు చదవమనండి. తర్వాత 52లోంచి 27 తీసేస్తే ఎంత అని అడగండి. తిట్టొద్దు, నవ్వొద్దు. వినండి చాలు. ప్రైవేటులో ఉన్న పిల్లయినా సరే, ఇదే పరీక్ష. మూడు వారాలు వరసగా చేస్తే మీకే తెలుస్తుంది నూట ముప్పై రియాళ్లు ఎక్కడికి పోతున్నాయో.

ఆ తర్వాత ఇంట్లోవాళ్లను కొన్ని మాటలు కనుక్కోమనండి. కమిటీలో ఎవరున్నారు, మనవాళ్లెవరైనా ఉన్నారా? ఈ ఏడాది గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి పెట్టారు? టీచర్లు ఎంతమంది ఉండాలి, ఎంతమంది వస్తున్నారు? ఆంధ్రాలో 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న అన్ని బళ్లలో ఒకేరోజు తల్లిదండ్రుల మీటింగులు పెట్టారు. అలాంటి రోజు కూలి పోతుందని ఇంట్లోవాళ్లు మానుకుంటే, ఆ ఒక్క రోజు కూలి మనం పంపుదాం.

ఫోను చేతిలో ఉన్న తమ్ముళ్లు ఇక్కడి నుంచే చూడగలిగేది ఒకటుంది. ప్రతి బడికీ యూడైస్ నంబరని 11 అంకెలది ఉంటుంది, చాలా బళ్లలో బోర్డు మీదో గోడ మీదో రాసి ఉంటుంది. పిల్లను ఫొటో తీసి పంపమనండి. కేంద్ర విద్యాశాఖ యూడైస్ వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, దొడ్లు, కరెంటు, నీళ్లు ఏమున్నాయని బడివాళ్లు రాసిచ్చారో కనబడుతుంది. అక్కడ 'ఉంది' అని రాసి, పిల్ల 'లేదు నాన్నా' అంటే, అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

అడిగినా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 2005 నాటిది. తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. మన రెండు రాష్ట్రాల్లో ఊరి స్థాయి ఆఫీసులో ఇస్తే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ఎం.ఇ.ఓ. ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. "ఫలానా బడికి గత రెండేళ్లలో వచ్చిన గ్రాంటు, ఖర్చు వివరాలు, కమిటీ తీర్మానాల నకళ్లు ఇప్పించగలరు" అని రాస్తే సరిపోతుంది. ఎందుకు అడుగుతున్నావో చెప్పక్కర్లేదు. ఇంటి దగ్గర రాసేవాళ్లు లేకపోతే కాగితం ఇక్కడే రాసి, ఫొటో తీసి పంపండి, అక్కడ చూసి ఎత్తి రాసుకుని సంతకం పెట్టుకుంటారు. రాయటం రానివాళ్లు రూములో రాయగలిగినవాళ్లను అడగండి.